గ్రంథప్రకటనకు పూర్వము: బస్తరులో ఎల్విన్ రచనావ్యాసంగము

బస్తరు గోండులలో ఒక తెగయైన మురియాలను గూర్చి ఆంగ్లదేశీయుడైన వెరియర్ ఎల్విన్ రచించిన గ్రంథమును 1947లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రకటించెను. అది ఏడువందల పుటలకు మించినది. అది వెలువడుటకు ముందు ఆయన బస్తరులో నివసించి, గ్రామగ్రామమునకు పోయి, పాటలు, కథలు, ఆచారములు వ్రాసికొనెను, ఛాయాచిత్రములు తీసెను. నడుమ 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చిన మఱియొక గ్రంథమును ప్రకటించెను. దానికై 100 హత్యలను పరిశీలించెను. ఇట్లు ఒక గ్రంథము అచ్చునకు పోవుచుండగా వేఱొకటి పెరుగుచుండెను.

అంతకు పూర్వము డబ్ల్యు. వి. గ్రిగ్సన్ 1927 మొదలు 1931 వఱకు బస్తరు పరిపాలకుడుగా నుండి, మారియాలను గూర్చి సామగ్రి కూర్చుకొనెను. ఆయన గ్రంథము 1938 వఱకు వెలువడలేదు. ఉద్యోగికి తీరిక యెక్కడిది!

ఎల్విన్‌కు తీరికకంటె కఠినమైన చిక్కు వేఱొకటి గలదు. ఘోతుల్ అనగా అవివాహితులైన చెలిక్కులు, మోతియారీలు, అనగా యువకులు, యువతులు, రాత్రులు గడపు గృహము. అచ్చటి ముచ్చటలు వెలుపల చెప్పరాదని వారి కట్టుబాటు. గ్రంథకర్త పనియో, వానిని చెప్పించుకొని అచ్చువేయించుట. ఆయన సానుభూతితో వ్రాసెననుట నిజమే. అంతమాత్రమున మురియాల అనుమతి లభించినట్లు కాదు.

గ్రంథము 1959లో ఫ్రెంచిలోనికి వెళ్లెను. 1968లో సంగ్రహరూపమున వెలువడెను. మురియాల గోండి తెలుగునకు జ్ఞాతియైన భాష. ఆంగ్లము వారిలో అధికసంఖ్యాకులకు అందనిది. తమ ఘోతులును గూర్చి ఏమి ప్రకటితమగుచున్నదో ముందుగా చదివి, ‘ఇది వలదు’ అనుటకు వారికి వీలు లేకపోయెను. తరువాతి కాలమున యాత్రికులును, ఛాయాగ్రాహకులును ఘోతుళ్లను వెదకికొనుచు వచ్చిరి.