పాత కారు ఏ వరుసలో నిలబడాలి?

పాత కార్ల ప్రదర్శనలో బహుమతి ఎవరిదో తేలేలోపే ఏ కారు ఏ విభాగంలో పోటీ పడాలో తేలాలి. 1925 నాటి కారునూ 1965 నాటి కారునూ పక్కపక్కన పెట్టి మార్కులు వేస్తే రెండింటికీ అన్యాయమే. అందుకే నిర్వాహకులు ముందుగా అర్హత నియమాలు ప్రకటిస్తారు. అవి ముఖ్యంగా మూడు విషయాలు చూస్తాయి: బండి వయసు, అసలు రూపం, బాగు చేయించిన తీరు.

మొదటిది వయసు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 30 ఏళ్లు నిండిన బండినే చారిత్రక వాహనంగా లెక్కిస్తుంది. 1904 వరకు తయారైనవి యాన్సెస్టర్, 1905-1918 మధ్యవి వెటరన్, 1919-1930 మధ్యవి వింటేజ్, 1931-1945 మధ్యవి పోస్ట్ వింటేజ్, 1946-1960 మధ్యవి పోస్ట్ వార్. ఆ తర్వాతి కాలానికి వేరే తరగతులున్నాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. వెనుక సింహాసనంలాంటి ఆసనంతో నిజాం కోసం తయారైన ఆ కారు ఈ లెక్కన వెటరన్ తరగతికి చెందుతుంది.

మన దేశంలో ప్రభుత్వ లెక్క వేరు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ. 20,000, అది పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా ఇచ్చే నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఇలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించడానికి తిప్పవచ్చు గానీ కిరాయికి తిప్పకూడదు.

రెండోది అసలు రూపం. మనవాళ్లకు బాగా తెలిసిన అంబాసిడర్‌నే చూద్దాం. 1975లో వచ్చిన మార్క్-3 ముందు జాలీలో అడ్డపట్టీలు ఉంటాయి; అంతకుముందరి మార్క్-2 జాలీ చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. 1970 నాటి కారుకు అడ్డపట్టీల జాలీ కనబడితే అది తర్వాత మార్చిందని న్యాయనిర్ణేత ఇట్టే పసిగడతారు. పెట్రోలు ఖర్చు భరించలేక ఎంతోమంది తమ అంబాసిడర్‌కు డీజిల్ ఇంజిన్ వేయించుకున్నారు. అవసరానికి అది మంచి పనే అయినా, అసలు రూపాన్ని కోరే విభాగంలో అలాంటి కారు నిలబడటం కష్టం.

మూడోది బాగు చేయించిన తీరు. విప్పి, అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు తిరిగి బిగించిన కార్లు ఒక వైపు, పాత రంగు, పాత సీటు గుడ్డ అలాగే నిలుపుకున్న కార్లు మరో వైపు పోటీ పడతాయి. రాయలసీమ పొడి వాతావరణంలో ఇనుముకు తుప్పు నిదానంగా పడుతుంది కనుక కర్నూలు, కడప షెడ్లలో నిలిచిన పాత బండ్ల రేకు గట్టిగానే మిగిలే వీలుంది. కానీ ఎండకు రబ్బర్లు పగులుతాయి, రంగు వెలుస్తుంది. భద్రంగా ఉన్న భాగాలను గుర్తించాకే మరమ్మతుకు దిగాలి.

విభాగం తేలాక మార్కులు. అమెరికాలో 1935లో ఏర్పడిన ఏఏసీఏ క్లబ్ 25 ఏళ్లు నిండిన బండ్లను పోటీకి తీసుకుంటుంది. పూర్తి మార్కులు 400. ఛాసిస్, ఇంజిన్, లోపలి భాగం, బయటి రూపం వరుసగా పరిశీలించి, ఎక్కడ తేడా ఉంటే అక్కడ మార్కులు కోస్తారు. కారు ఖరీదును బట్టి గానీ, యజమాని పేరును బట్టి గానీ మార్కులు రావు.

నియమాలు ఒక్కో ప్రదర్శనకు కొంత మారతాయి. కాబట్టి దరఖాస్తు నింపేముందు నియమావళిని పూర్తిగా చదవాలి. ఆర్‌సీ, పాత బిల్లులు, తొలినాటి ఫొటోలు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంట్లో పాత కారు ఉన్నవారు కొత్త రంగు వేయించే తొందరలో పాత భాగాలను పాతసామానుకు అమ్మేయవద్దు. రంగు ఎప్పుడైనా వేయించవచ్చు, పోయిన అసలు భాగం మళ్లీ దొరకడం కష్టం.