గాజుతొట్టెలో ఏటికెదురీత

పిల్లల పోరు పడలేక ఇంటికి రంగుచేప తెచ్చుకునేవారు చాలామందే వుంటారు. అందులోనూ ‘ఫైటర్’ అని పిలిచే బెట్టా చేపకు గిరాకీ జాస్తి. దుకాణంలో సీసాలో రెక్కలు విప్పుకుని రాజులా తిరిగిన చేప, ఇంట్లో ఫిల్టరు బిగించిన గాజుతొట్టెలోకి రాగానే మూల ఒదిగిపోతుంది. తిండికి రాదు. జబ్బు చేసిందేమోనని నీళ్ళలో మందులు పోస్తారు. తీరా చూస్తే, చాలాసార్లు దోషం చేపది కాదు, నీటి వరవడిది!

బెట్టా పుట్టిల్లు థాయిలాండు. అక్కడి వరిమళ్ళు, బోదెలు, లోతులేని మడుగులు దాని నివాసం. 1910లో దీనికి ‘బెట్టా స్ప్లెండెన్స్’ అన్న శాస్త్రీయనామం వచ్చింది. 2019లో ఆ దేశ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. నిలకడ నీటిలో పెరిగిన ఈ చేప మొప్పలతోబాటు, మన కొర్రమీను మాదిరి, పైకి వచ్చి గాలిని కూడా పీల్చుకుంటుంది. మగచేప గూడు కట్టేదీ నీటి పైనే, నురుగు బుడగలతో. అంచేత నీటిపైభాగం కదలక మెదలక వుండడం దానికి అవసరం.

దీనికి తోడు, అందం కోసం మనుషులు తరతరాలుగా ఎంచి పెంచిన ఆ పొడుగు తోక! తడిసిన కుచ్చెళ్ళతో వాగు దాటేవారి అవస్థ వూహించుకోండి. వరవడిలో పడ్డ చేప పగలూ రాత్రీ ఏటికెదురీదుతూ అలసిపోతుంది. తోక చిరుగుతుంది. ఫిల్టరు నీటిని లాగే చోట అతుక్కుపోవడమూ కద్దు.

అలాగని ఫిల్టరు కట్టేస్తే? అది ఇంకా ప్రమాదం. చేప విసర్జనల నుంచీ, మిగిలిన తిండి నుంచీ అమోనియా అనే విషం పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగానూ, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. నీరు పారుతున్నంతసేపే వాటికి ప్రాణవాయువు. గంటల తరబడి ఆపితే అవి చస్తాయి. కాబట్టి ఫిల్టరు ఆగకూడదు. దాని దూకుడు తగ్గాలి.

కొత్తగా కొనేవారికి గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు మేలు. గాలిగొట్టం మధ్య చిన్న వాల్వు పెట్టి బుడగలు తగ్గించుకోవచ్చు. కరెంటు పోయినప్పుడు నీరు వెనక్కి పంపులోకి దిగకుండా, గాలిని ఒకే వైపుకు పోనిచ్చే మరో వాల్వు తప్పనిసరి.

తొట్టె అంచుకు తగిలించే ఫిల్టరైతే, ధార పడే ఎత్తు తగ్గేలా నీటిమట్టం పెంచండి. కాని మూతకూ నీటికీ నడుమ గాలికి రెండంగుళాల జాగా వుంచండి. కుళాయి చిందకుండా మూతికి గుడ్డ కట్టే ఉపాయం ఇల్లాళ్ళకు తెలిసిందే. అలాగే ధార వచ్చేచోట మెత్తని స్పాంజి ముక్కను రబ్బరు బ్యాండుతో కట్టండి. నీటిని లాగే గొట్టానికీ ఒక స్పాంజి తొడగండి. నీటిలో మునిగి వుండే ఫిల్టరుకు మూతిని అద్దం వైపు తిప్పితే సగం జోరు అక్కడే విరుగుతుంది. ధారకు ఎదురుగా అనుబియాస్, జావా ఫెర్న్ వంటి మొక్కలు పెడితే మిగతా సగం అవి కాచుకుంటాయి.

స్పాంజి పూడిపోతే పంపు చెడుతుంది. అందుకని అప్పుడప్పుడు కడగాలి. అయితే కుళాయి నీటితో కాదు. అందులోని క్లోరిన్ ఆ మంచి సూక్ష్మజీవుల్ని చంపుతుంది. తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండండి. తొట్టె కనీసం 20 లీటర్లదైనా వుండాలి. నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీలు.

పని కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తిండిగింజ నీటిపై వేయండి. అది గిర్రున తిరిగి మూలకు కొట్టుకుపోతే వరవడి ఇంకా హెచ్చుగా వున్నట్టే. వున్నచోటనే మెల్లగా తేలుతూ, చేప తాపీగా వచ్చి దాన్ని నోట కరిస్తే మీ శ్రమ ఫలించినట్టు.