నెలనెలా నొప్పి: మామూలేనని ఊరుకోరాదు

చిత్తూరు: ముట్టు వచ్చిందంటే చెనక్కాయ చేలో కూలికి పోలేక, బడికి నడవలేక చాపమీద ముడుచుకునే ఆడబిడ్డలు పల్లెల్లో ఎందరో. 'ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది' అని పెద్దలంటారు. ఆ నొప్పికి ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కారణం కావచ్చు. గర్భసంచి లోపలిపొర వంటిది వెలుపల, అండాశయాలపైన, పేగులపైన పెరిగి వాపు, నొప్పి కలిగిస్తుంది. పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో సుమారు నూటికి 10 మందికి, ప్రపంచంలో 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. విరేచనమప్పుడు, భార్యాభర్తల కలయికలో నొప్పి, సంతానం కలగకపోవడం కూడా దీని లక్షణాలే. స్కానింగులో ఒక్కోసారి కనబడదు. పూర్తిగా పోగొట్టే మందు లేకున్నా నొప్పిని అదుపుచేసే మందులున్నాయి. కోడలిని గొడ్రాలని ఆడిపోసుకునే ముందు తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో చూపించడం మేలు.