అలుగు నీటికి లెక్క కట్టిన ఆచార్యుడు

చెరువు నిండి అలుగు పారునప్పుడు ఊరెల్ల సంతోషించును. కొన్ని సీమలలో దీనినే కలుజు అనియు, మత్తడి అనియు అందురు. ఆ పారు నీరు ఎంతయో తెలిసికొనుటకు ఇంజనీర్లు నేటికిని వాడు సూత్రమునకు మూలపురుషుడు ఇటలీ దేశీయుడగు జొవాన్ని పొలేనీ.

ఆయన 1683లో వెనిస్ నగరమున జన్మించెను. పాదువా విశ్వవిద్యాలయమున 1709లో ఖగోళశాస్త్రాచార్యుడయ్యెను. 1715లో భౌతికశాస్త్ర పీఠమును, 1719లో గణితశాస్త్ర పీఠమును పొందెను. వెనిస్ ప్రభుత్వము నీటిపారుదల విషయమున ఆయన సలహా కోరుచుండెడిది. రోము నగరమందలి సెయింట్ పీటర్ దేవాలయ గోపురము బీటలు వారినప్పుడు పోపుగారు పిలిపించినదియు ఈయననే. ఒక ఆచార్యుడు ఒక్క శాస్త్రముతోనే తృప్తి చెందవలెనను నియమము ఆ కాలమున లేదు కాబోలు! మనకు ముఖ్యమైనది 1717లో ఆయన ప్రకటించిన జలప్రవాహ గ్రంథము.

తొట్టికి రంధ్రము చేసినచో, దానిపైనున్న నీటి లోతును బట్టి ధార వేగము హెచ్చును. లోతు నాలుగు రెట్లైన వేగము రెండు రెట్లగును. ఇది ఆయనకు పూర్వమే టొరిచెల్లి తెలిపిన విషయము. పొలేనీ అలుగుమీది నీటిని పొరలు పొరలుగా భావించి, ఒక్కొక్క పొర వేగమును లెక్కించి కూడెను. అలుగుమీద నీటి మందము రెట్టింపైనచో పారుదల రెట్టింపుతో ఆగదు, దాదాపు 2.8 రెట్లగునని దీనివలన తేలుచున్నది. మందముతోపాటు వేగమును పెరుగుటయే కారణము. పిమ్మట అమెరికాలో ఫ్రాన్సిస్ అను ఇంజనీరు ప్రయోగములు చేసి, లెక్కకు కావలసిన గుణకమును 1855లో ప్రకటించెను.

ఈ లెక్కను మన చెరువునకు అన్వయింతము. 100 అడుగుల పొడవుగల అలుగుమీద ఒక అడుగు మందమున పారిన నీరు సుమారు 300 క్యూసెక్కులు, అనగా సెకనుకు 300 ఘనపుటడుగులు. రెండడుగులైనచో సుమారు 850. పెద్ద వరద 850 క్యూసెక్కులనియు, అలుగు నెత్తినుండి కట్ట నెత్తికి నాలుగడుగుల ఎత్తు కలదనియు అనుకొందము. వరదనాడు కట్టకు రెండడుగుల రక్షణ మిగులును.

ఇప్పుడు కొందరు రైతులు, నీరు వృథాగా పోవుచున్నదని, అలుగుపై అడుగెత్తున ఇసుక బస్తాలు పేర్చిరి. రక్షణ ఒక అడుగునకు తగ్గినది. మరికొందరు అలుగులో సగము ఆక్రమించిరి. మిగిలిన 50 అడుగులలో అదే వరద పోవలెనన్న మూడడుగుల రెండంగుళముల మందము కావలెను. బస్తాల అడుగు కూడ చేర్చినచో నీరు కట్టను రెండంగుళములు మించును. మట్టికట్టపై నీరు పొర్లినచో అది కోసుకొని తెగును. ఆ రాత్రి కట్ట దిగువనున్న ఇండ్ల గతి చెప్పనక్కరలేదు.

అధిక నిల్వ కోరుట తప్పు కాదు. అలుగును 200 అడుగులకు పొడిగించినచో అదే వరద అడుగుంబావు మందముతో పోవును గనుక, నెత్తిని తొమ్మిదంగుళములు లేపినను వరదమట్టము పెరుగదు. ఐతే చెరువు వెనుకభాగపు పొలములు ఎక్కువ దినములు మునిగియుండును; దీనిని ఆ రైతులతో ముందుగా మాటలాడుకొని, నీటిపారుదల ఇంజనీరుచేత కొలిపించిన పిమ్మటనే పని చేపట్టవలెను.

అలుగు దిగువ వాగు పూడియున్నచో పై లెక్క చెల్లదు. క్రింది నీరు ఎగదన్ని అలుగును ముంచును. కావున తొలకరికి ముందు పంచాయతీ సభ్యులు కట్టతోపాటు ఆ వాగు వెంబడి కూడ ఒకసారి నడచి, పెరిగిన తుమ్మలను నరికించవలెను.