చికాగోలో చదువుల ఊరేగింపు

మన యిండ్లలో పిల్లవానిని బడిలో వేయు దినమున పలకకు పసుపు రాచి, పళ్ళెములోని బియ్యముపై మొదటి యక్షరము దిద్దించి, ఇరుగుపొరుగు పిల్లలకు పలకలు, బలపములు, పప్పుబెల్లములు పంచుట యాచారము. అది యొక యింటి వేడుక. ఒక నగరములో నొక జాతివారందఱును గలిసి, ఏటేట బడులు తెఱచుటకు ముందు, తమ పిల్లల చదువు పేరిట రెండు మైళ్ళ పొడవున నూరేగింపు జరుపుదురనిన మీలో గొందఱికి వింతగా దోచవచ్చును. అమెరికాలోని చికాగో నగరమున నల్లజాతివారు 1929 వ సంవత్సరమున బ్రారంభించిన యీ యుత్సవమునకు బడ్ బిల్లికెన్ ఊరేగింపని పేరు. ఆగస్టు నెల రెండవ శనివారమున నది జరుగును.

చికాగో యనగానే మనకు 1893 నాటి సర్వమత మహాసభయు వివేకానందస్వామియు జ్ఞప్తికి వత్తురు. ఆ సభ యేర్పడుటకు గారణమైన మహాప్రదర్శనమునకే యా సంవత్సరమున రాబర్ట్ ఆబట్ అను నల్లజాతి విద్యార్థి యొకడు తన పాఠశాల గాయకుల జట్టుతో వచ్చియుండెను. ఊరేగింపును స్థాపించినవాడు తరువాత నతడే. కాని యాతని కథకు ముందు మఱియొక కథ చెప్పవలసియున్నది. చదువునకు ఊరేగింపేల యను ప్రశ్నకు సమాధాన మందున్నది.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లవారు బానిసలుగా నున్న కాలమున వారికి జదువు చెప్పుట పెక్కుచోట్ల నేరము. ఉత్తర కెరొలీనా రాష్ట్రమున 1830 లో జేసిన శాసనము ప్రకారము, బానిసకు జదువను వ్రాయను నేర్పిన తెల్లవానికి జుల్మానాయో చెఱసాలయో శిక్ష. నేర్పినవాడును బానిసయే యైనచో ముప్పదితొమ్మిది కొరడాదెబ్బలు. లెక్కలు మాత్రము నేర్పవచ్చునట! యజమానుని ప్రత్తి తూచుటకు లెక్కలు పనికివచ్చును గాబోలు.

ఆ రోజులలోనే ఫ్రెడరిక్ డగ్లస్ అను బాలుడు బాల్టిమోరు నగరమున నొక తెల్లవారి యింట బానిసగా నుండెను. ఆ యింటి యిల్లాలు జాలిపడి వానికి అక్షరములు నేర్పనారంభించెను. భర్త యెఱిగి మాన్పించెను. అంతట నా బాలుడు ఇంటిలోని రొట్టెముక్కలు జేబులో వేసికొనిపోయి, వీథిలో నాకలితో దిరుగు పేద తెల్లపిల్లలకు బెట్టి, వారియొద్ద జదువు నేర్చుకొనెను. ఏకలవ్యుడు విద్య ముగిసిన పిమ్మట గురుదక్షిణ యిచ్చెను. ఈ పిల్లవాడు ముందుగనే ముక్కముక్కగా నిచ్చుకొనెను. అతడు పెరిగి, పాఱిపోయి స్వేచ్ఛ నొంది, ఆ దేశపు మహావక్తలలో నొకడయ్యెను.

ఇక నొక సోదరి కథ. వర్జీనియా రాష్ట్రములోని హాంప్టన్ పట్టణమున మేరీ పీక్ అను నల్లజాతి స్త్రీ యుండెను. ఆమె పుట్టుకచే స్వతంత్రురాలు. కుట్టుపని చేయుచు జీవించెను. శాసనము కాదన్నను రహస్యముగా దనవారికి జదువు చెప్పుచుండెను. 1861 లో అంతర్యుద్ధము రాగా బానిసలు తోటలు విడిచి, దగ్గఱనున్న ఉత్తర సేనల కోటను శరణుజొచ్చిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 17 వ తేదీన నామె యొక ఓక్ వృక్షము నీడను వారి పిల్లలను గూర్చుండబెట్టి బహిరంగముగా బడి తెఱచెను. క్షయవ్యాధితో మంచము పట్టియు బాఠములు చెప్పుట మానలేదు. 1862 ఫిబ్రవరిలో మరణించెను. అనగా నామె బహిరంగముగా బంతులయ్యయై యున్నది ఆఱు మాసములైన లేదు. ఆ వృక్షము నేటికిని హాంప్టన్ విశ్వవిద్యాలయపు టావరణలో గొమ్మలు చాచి నిలిచియున్నది.

రాబర్ట్ ఆబట్ అచ్చుపని నేర్చుకొన్నది ఆ హాంప్టన్ విద్యాలయమునందే. బానిసత్వమునుండి విడుదల పొందిన తల్లిదండ్రులకు 1868 లో జన్మించిన యీతడు పిమ్మట చికాగో చేరి న్యాయశాస్త్రము గూడ జదివెను. నల్లవాడగుటచే వృత్తి సాగలేదు. 1905 లో, ఇరువదియైదు సెంట్ల మూలధనముతో, అద్దెకిచ్చిన యింటావిడ హెన్రియెట్టా లీ వంటగదియే కార్యాలయముగా, ‘చికాగో డిఫెండర్’ అను వార్తాపత్రికను స్థాపించెను. మొదట నచ్చువేసినవి మూడువందల ప్రతులు. వంటయింటిలో బుట్టిన యీ పత్రిక పదిపదునైదేండ్లలో దేశమంతట వ్యాపించెను. రైలుబండ్లలో బనిచేయు నల్లజాతి సేవకులు కట్టలు కట్టలుగా దక్షిణమునకు జేరవేయగా, చదువవచ్చిన యొకడు చదువుచుండ బదిమంది చుట్టు గూర్చుండి వినెడివారు. దక్షిణములోని యవమానములు విడిచి ఉత్తరమునకు రండని యా పత్రిక పిలిచెను. లక్షలకొలది జనులు కదలిరి.

కదలి వచ్చినవారికి బిల్లలుందురు గదా. 1923 లో ఆబట్ తన పత్రికలో బాలలకై యొక పుట కేటాయించి, దానికి బడ్ బిల్లికెన్ అను కల్పిత బాలుని సంపాదకునిగా నేర్పఱచెను. ఆ కాలమున ‘బిల్లికెన్’ అనునది ఇండ్లలో నుంచుకొను నవ్వుమొగపు శుభప్రతిమ పేరు. ఆ పేరు చాటున వ్రాసినవారు నిజముగా బిల్లలే. వారిలో విలర్డ్ మోట్లీ యనువాడు తరువాత బేరుపొందిన నవలాకారుడయ్యెను. బాలలు చందాదారులై, సంఘముగా నేర్పడి, ఉత్తరములు వ్రాయసాగిరి. తమ రంగుగల పిల్లల పేర్లు అచ్చులో జూచుకొనుట వారికదియే మొదలు.

ఆ పత్రికలోనే, కొంచెము పెద్దదైన పిదప, గ్వెండొలిన్ బ్రూక్స్ అను బాలిక పద్యములు ప్రచురించుకొనెను. ఆమె తల్లి వివాహమునకు బూర్వము ఉపాధ్యాయిని. కూతురు వ్రాసికొనుటకు వీలుగా నింటిపనులు చాలవఱకు దప్పించెడిదట. మనలో నెందఱు తల్లులమట్లు చేయుదుము? అంట్లు తోమకున్న అత్తవారింట మాట వచ్చునని మన భయము. ఆ బాలికయే 1950 లో అమెరికాలోని ప్రసిద్ధమైన పులిట్జర్ బహుమానమును బొందిన ప్రథమ నల్లజాతి రచయిత్రి. తరువాతి కాలమున నిల్లినాయి రాష్ట్రపు ఆస్థానకవయిత్రియై, బడిపిల్లలకు బద్యరచనలో బోటీలు పెట్టి, బహుమానములు తన సొమ్ముతోనే యిచ్చుచుండెను.

1929 లో బిల్లికెన్ సంఘపు బిల్లలకొఱకు, పత్రికలమ్ముకొను కుఱ్ఱలకొఱకు, ఆబట్ మొదటి యూరేగింపు జరిపించెను. తొంబదియేండ్లు దాటినను నది నిలిచియున్నది. నల్లవారు నివసించు దక్షిణ భాగమున, మార్టిన్ లూథర్ కింగ్ పేరుగల రాజమార్గమున బయలుదేఱి, వాషింగ్టన్ పార్కను విశాలమైన యుద్యానవనములో ముగియును. మంచి స్థలము దొరకవలయునని కొన్ని కుటుంబములు ముందురాత్రియే కుర్చీలు, గుడారములు వేసికొని కాచుకొందురు. నాయనమ్మ తాను చిన్ననాడు నిలుచున్న మూలనే మనుమని భుజములపై నెక్కించుకొని చూపును. బడుల వాద్యబృందములు, తప్పెటల జట్లు, నాట్యబృందములు వరుసగా నడచును. ఊరేగింపైన పిమ్మట తోటలో నిప్పులపై మాంసము కాల్చుకొని బంధుమిత్రులతో భుజింతురు. పిల్లలకు బడిసంచులు, పుస్తకములు, కలములు పంచుటయు, పెద్ద చదువులకు బోవువారికి విద్యార్థివేతనము లొసగుటయు నీ యుత్సవములో ముఖ్యములు. 1956 లో మాజీ దేశాధ్యక్షుడు ట్రూమన్ గూడ వచ్చెను. నాయకుల బండ్లు అప్పటినుండి కొఱతలేదు. ఎన్నికల యేడు మఱియు నెక్కువ. పిల్లల పండుగలో బెద్దల చేయూపులు నాకంతగా రుచింపవు.

నాకు నచ్చినవి గంతుల జట్లు. జెసీ వైట్ అను వ్యాయామోపాధ్యాయుడు 1959 లో స్థాపించిన జట్టులోని బాలబాలికలు వీథిమధ్యమున నొకరిపై నొకరు దూకుచు గాలిలో మొగ్గలు వేయుదురు. ఇందు జేరవలెనన్న బడి మానరాదు, మార్కులు తగ్గరాదు, మత్తు పదార్థములు ముట్టరాదు. ఆయన తరువాత రాష్ట్రమున నున్నత పదవి నలంకరించినను జట్టును విడువలేదు. 1980 లో మఱియొక యుపాధ్యాయుడు నలుగురు పిల్లలతో నారంభించిన సౌత్ షోర్ డ్రిల్ జట్టు పతాకములు, కొయ్యతుపాకులు గిరగిర ద్రిప్పుచు నడచును. ఉపాధ్యాయుల జీతములెట్టివో మా యింట దెలియును గాన, ఇట్టి పనులు ఉపాధ్యాయులే తలపెట్టుట చూచి నాకు గర్వమును, వారి యిల్లాండ్రను దలచుకొని కొంచెము జాలియు గలుగుచున్నవి.

ఊరేగింపు ముగియు తోటలోనే నల్లవారి చరిత్రకు సంబంధించిన ప్రదర్శనశాల యున్నది. దానిని స్థాపించినది గూడ నొక యుపాధ్యాయినియే. మార్గరెట్ బరోస్ అను నామె డూసాబుల్ ఉన్నత పాఠశాలలో జిత్రలేఖనము నేర్పెడిది. తమవారి చరిత్ర పాఠ్యపుస్తకములలో లేకపోవుట జూచి, 1961 లో భర్తతోను మిత్రులతోను గలిసి తన యింటి గదులలోనే ప్రదర్శనశాల దెఱచెను. 1973 లో నది యీ తోటలోని పాత కార్యాలయ భవనమునకు మాఱెను.

అదే డూసాబుల్ పాఠశాలలో వాల్టర్ డయట్ అను సంగీతోపాధ్యాయు డుండెను. ప్రసిద్ధ గాయకులు నాట్ కింగ్ కోల్, డైనా వాషింగ్టన్ ఆయన శిష్యులు. ఆయన పేరిట నొక యున్నత పాఠశాల యీ వాషింగ్టన్ తోటలోనే యున్నది. నగరపు విద్యాసంఘమువారు పిల్లలు తగ్గిరనియు, ఫలితములు బాగుగా లేవనియు జెప్పి, దానిని క్రమముగా మూసివేయుటకు 2012 లో నిర్ణయించిరి. 2013 లో నగరమున సుమారేబది బడులు మూతవేసిరి. వానిలో బెక్కు నల్లవారి పేటలలోనివే. పిల్లలు తగ్గినది నిజమే. కాని యుపాధ్యాయులను, వసతులను దగ్గించిన పిమ్మట బిల్లలు తగ్గిరనుట యెట్టి న్యాయమని తల్లిదండ్రుల వాదము. ఈ వాదమే నాకు సరిగా దోచుచున్నది. నీరు పోయక మొక్క యెండినదని పెఱికివేయు తోటమాలిని మెచ్చువారుందురా?

2015 ఆగస్టు 8 వ తేదీన యథాప్రకారము ఊరేగింపు జరిగెను. డప్పులు మ్రోగెను, బడిసంచులు పంచిరి. తొమ్మిది దినముల పిమ్మట, ఆగస్టు 17 వ తేదీన, మూతపడిన డయట్ పాఠశాల ముంగిట పండ్రెండుగురు తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు, ఉపాధ్యాయులు కుర్చీలు వేసికొని నిరాహారదీక్ష బూనిరి. పొట్టి శ్రీరాములుగారి కథ నెఱిగిన తెలుగువారికి నిరాహారదీక్ష యననేమో వేఱుగ జెప్పనక్కఱలేదు. పానీయములు మాత్రమే త్రాగుచు వారు దినములు లెక్కపెట్టిరి. మనుమలున్న యొకామె యాసుపత్రి పాలయ్యెను. తమ పేట పిల్లలందఱికి బ్రవేశముగల బడి యొక్కటి కావలెననుటయే వారి కోరిక.

సెప్టెంబరు మొదటివారమున విద్యాసంఘము తగ్గి, బడిని గళల పాఠశాలగా మఱల దెఱతుమని ప్రకటించెను. పేటవారు కోరినది ప్రకృతి విజ్ఞానమును, నాయకత్వమును నేర్పు బడి. కావున సగము గెలుపుతో దృప్తిపడక దీక్ష సాగించి, ముప్పదినాలుగవ దినమున, సెప్టెంబరు 19 వ తేదీన, విరమించిరి. వారడిగిన పాఠక్రమము రాలేదు. బడి మాత్రము మిగిలెను.

చికాగో పరిసరములలో మన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. పడమటి దిక్కున అరోరాలోని బాలాజీ యాలయమునకు వారు పిల్లాపాపలతో బోవుచుందురు. అక్కడికి వాషింగ్టన్ తోట సుమారు నలువది మైళ్ళు. ఆ దేశములో నున్న మన కుమార్తెలు, కోడండ్రు ఒక ఆగస్టు శనివారము పిల్లలను దీసికొనిపోయి యీ యుత్సవము చూపింతురేని బాగుండును. ఎండ యెక్కువ గనుక గొడుగు మఱువవలదు.

చికాగో డిఫెండర్ పత్రిక 2019 జూలైతో నచ్చువేయుట మానెను. మఱుసటి యేడు మహమ్మారి వలన నూరేగింపు వీథికి రాలేదు. పిమ్మట మఱల బయలుదేఱెను. డయట్ పాఠశాల 2016 లో దొమ్మిదవ తరగతి పిల్లలతో దెఱవబడెను. ద్వారముపై నా సంగీతోపాధ్యాయుని పేరట్లే యున్నది.