పాత కారుకు తుప్పు పట్టేది లోపలి నుంచే

అపోహ: మన ఊళ్లో సముద్రం లేదు, కారుకు తుప్పు భయమూ లేదు.

ఉప్పుగాలి తుప్పును తొందరపెడుతుంది, అంతే. ఇనుముకు నీళ్లూ ఆక్సిజనూ అందితే చాలు. వానాకాలం ఉదయాల్లో హైదరాబాద్ గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. పైగా అక్కడి మలక్‌పేట వాళ్లకు పక్కనే మూసీ నది ఉంది. 2020 అక్టోబరులో ఆ నది మూసారాంబాగ్ వంతెన మీదుగా పారింది. వరదలో మునిగిన బండిని పైపైన కడిగేస్తే సరిపోదు. డోరు కింది అంచున నీళ్లు కారిపోవడానికి చిన్న బెజ్జాలుంటాయి. బురద ఎండి అవి పూడుకుపోతే, ఆ తర్వాత ప్రతి వానకూ డోరు లోపల నీళ్లు నిలుస్తాయి. పెయింటు బుడిపెలు లేచేనాటికి రేకును లోపలి నుంచి తుప్పు చాలావరకు తినేసి ఉంటుంది. సన్నటి తీగతో బెజ్జాలు పొడవండి. లోపల మంచినీళ్లతో కడిగి, తలుపులు తెరిచి ఎండబెట్టండి. పూర్తిగా ఆరాకే డొల్లల్లోకి మైనం స్ప్రే చేయించండి.

అపోహ: ప్లాస్టిక్ కవరు కప్పితే భద్రం.

నేలలోంచి లేచిన తేమ దాని కిందే చిక్కుకుంటుంది. గాలాడే గుడ్డ కవరు వాడండి.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు.

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. సైలెన్సర్ బాగా వేడెక్కకముందే ఆపితే ఆ నీళ్లు అందులోనే మిగిలి రేకును తొలుస్తాయి. కొంత ఇంజనాయిల్‌లోనూ కలుస్తుంది. అప్పుడప్పుడూ కనీసం అరగంట రోడ్డు మీద తిప్పండి. అసలు తిప్పకపోవడమూ రక్షణ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన 1911లో కన్నుమూశాకే వచ్చింది. ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్లే. అయినా దాన్ని బాగుచేయించాకే చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు.

అపోహ: పుట్టీ పెట్టి, కింద అండర్‌కోటింగ్ కొట్టిస్తే సరి.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. తుప్పు మీద కోటింగ్ వేస్తే తేమ లోపలే బందీ అవుతుంది, తుప్పు మరింత పాకుతుంది. 1962లో వచ్చిన ఎంజీబీ లాంటి టాపులేని స్పోర్ట్స్ కారులో ఛాసిస్ విడిగా ఉండదు. డోర్ల కింద పొడవునా ఉండే సిల్సే బాడీ బరువులో చాలా భాగం మోస్తాయి. పుట్టీకి ఆ బలం లేదు. తుప్పు పట్టిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. కొనేముందు కారును జాకీతో ఎత్తి డోరు వేసి చూడండి. అంతకుముందు తేలిగ్గా పడిన డోరు ఇప్పుడు రాసుకుంటుంటే సిల్ పోయిందని అనుమానించండి.