మౌస్ లేని బోధన

అంధ విద్యార్థికి కంప్యూటరు నేర్పదలచిన ఉపాధ్యాయుడు మొట్టమొదట విడిచిపెట్టవలసినది మౌస్‌ను. తెరపై బాణపుగుర్తు ఎచట నున్నదో కానరాని వానికి "అక్కడ నొక్కుము" అనినచో ఏమి బోధపడును? కోరుకొండ నుండి రాజమహేంద్రవరము సుమారు 20 కిలోమీటర్ల దూరము. ప్రతి సందేహమునకు పట్టణము పోయి నిపుణుని అడుగుట కుదరదు. కనుక తరగతి ఉపాధ్యాయుడే మీటల సంగతి కొంత నేర్వవలెనని మేము తలచుచున్నాము.

తెరపై నున్న వ్రాతను చదివి వినిపించు సాధనములలో ఎన్.వి.డి.ఎ. అనునది ఉచితముగ లభించును. దీనిని 2006లో ఆస్ట్రేలియా దేశస్థుడైన మైకేల్ కర్రన్ ప్రారంభించెను. పిదప జేమ్స్ టే ఆయనతో కలసెను. ఇరువురును అంధులే. ఇది తెలుగును, ఉర్దూను గూడ పలుకగలదు. యంత్రపు గొంతు మొదట కర్ణకఠోరముగ తోచును గాని, కొలది దినములలో చెవి అలవాటుపడును.

ఎఫ్, జె మీటలపై చిన్న గీత ఉబ్బెత్తుగ నుండును. చూపుడు వ్రేళ్లు రెండును అచట నిలిచినచో తక్కిన మీటల స్థానములు క్రమముగ తెలియును. ఇన్సర్ట్‌తో 1 నొక్కినచో, ఆ పిమ్మట ఏ మీట నొక్కినను దాని పేరు మాత్రమే వినిపించును. మరల అవియే నొక్కు వరకు వేరే పనియేదియు జరుగదు. భయపడు విద్యార్థికి ఇంతకన్న మంచి అభ్యాసము లేదు. ఇన్సర్ట్‌తో క్రింది బాణము నొక్కిన ఉన్నచోటి నుండి చదువుచు పోవును. ఇన్సర్ట్‌తో టి నొక్కిన తెరచియున్న కిటికీ పేరు చెప్పును. ఆల్ట్, టాబ్ కలసి ఒక పని నుండి మరియొక పనికి కొనిపోవును. కంట్రోల్ ఒక్కటి నొక్కిన యంత్రము నోరు మూయును. ముప్పదిమంది కూర్చున్న గదిలో తొలుత నేర్పవలసినది ఇదియే!

ఉపాధ్యాయుడు నేర్వవలసిన మీటలు వేరుగ కొన్ని గలవు. మనము శీర్షికను లావుగ, పెద్దగ చేసి ఊరకుందుము. అది కంటికే తెలియును. వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కి దానిని శీర్షికగ గుర్తించినచో, విద్యార్థి పాఠమంతయు వినకయే ఒక శీర్షిక నుండి మరియొక దానికి పోగలడు.

మచిలీపట్నము ప్రాంతమున జన్మించిన బొల్లా శ్రీకాంత్ ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుటకు న్యాయస్థానమును ఆశ్రయింపవలసి వచ్చినది. పాఠములను విని చదివి, పిదప అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరిరి. వినదగిన పాఠము చేతికందుట ఎంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

మన నోట్సులు పెక్కు అను ఫాంట్లలో టైపు చేయబడినవి. చూచుటకు తెలుగే, లోపల నున్నవి ఆంగ్ల సంకేతములు. యంత్రము వానిని అర్థములేని గుర్తులుగ చదువును. పాత ఇన్‌పేజ్ ఉర్దూ ఫైళ్లును ఇట్లే విద్యార్థికి కొరగావు. తెలుగునకు 1991 నుండియే యూనికోడ్‌లో స్థానము గలదు. ఇకమీదట అందులోనే టైపు చేయుట మేలు. విండోస్ మీటతో స్పేస్ నొక్కిన కీబోర్డు ఒక భాష నుండి మరియొక భాషకు మారును. పాత వ్రాతలను యూనికోడ్‌లోనికి మార్చు పరికరములు గలవు. మార్చిన పిమ్మట ఒత్తులు, పొల్లులు ఒకమారు సరిచూచి మరి విద్యార్థికి ఈయవలెను.